ఖాళీ గింజల ఊపిరి

మా అమ్మ బైబిలు మీద కుడిచెయ్యి ఆన్చి, ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే పోనీ, ఇందులో ప్రతి మాటా నిజం.

పంతొమ్మిది వందల అరవైల్లో కావలి వైపు, సముద్రపు గాలి తగిలే ఒక కాలేజీలో నేను కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటర్ని. మా లెక్చరరు గారు డాక్టరేటు కోసం ఏళ్ల తరబడి ఒకే పని చేస్తుండేవారు. రసాయన చర్యలను వేగిరపరిచే ఉత్ప్రేరకపు గింజలుంటాయి. పైకి గట్టిగా కనిపించినా లోపలంతా కంటికి ఆనని రంధ్రాలే. వాటికి అమోనియా పట్టించి, గాజు గొట్టంలో పెట్టి మెల్లగా వేడి చేస్తే, ఏ వేడికి ఎంత వదులుతాయో పక్క గొట్టంలో ఉన్న పాదరసం చెబుతుంది. వాయువు వస్తే మట్టం దిగుతుంది. సార్ కొలిమి చూసేవారు, నేను పాదరసం చూసేవాణ్ణి.

థీసిస్ పంపేముందు ఒక్క పరీక్ష మిగిలింది. ఏ వాయువూ పట్టించని ఖాళీ గింజలను వేడి చేసి, ఏమీ రాదని చూపాలి. వచ్చిందా, వెనకటి కొలతలన్నీ అనుమానంలో పడతాయి, సార్ కష్టమంతా బూడిదే.

ఆ వారమంతా ముసురు. గింజలను బాగా కాల్చి, గొట్టంలో పోసి, గాలి లాగేసి మూసేశాం. కొలిమి ఇంకా అరచేతి వెచ్చదనానికి వచ్చిందో లేదో, పాదరసం దిగింది. మళ్ళీ ఎక్కింది. దిగింది, ఎక్కింది. తొందరేమీ లేకుండా, నిద్రపోయే మనిషి రొమ్ములాగా. వేడెక్కేకొద్దీ వాయువు బయటికి రావాలి గాని, తిరిగి లోపలికి పోవడం ఎక్కడా వినలేదు.

ఎక్కడో కారుతోందన్నారు సార్. అతుకులన్నిటికీ మైనం పూశాం. మర్నాడూ అంతే. సార్ భోజనానికి ఇంటికి పోవడం మానేశారు. గాజుకు చెవి దగ్గరపెట్టి కూర్చునేవారు. ఒక మధ్యాహ్నం నా వైపు తిరక్కుండానే అన్నారు:

"అబ్బయా, నువ్వు గాలి పీల్చేది కాసేపు ఆపు. ఏది నీదో ఏది దానిదో తెలవడంలా."

ఊపిరి బిగబట్టాను. ఆయనా బిగబట్టారు. గదిలో ఊపిరి చప్పుడు మాత్రం ఆగలేదు.

ఆ సాయంత్రమే సార్ కాగితాలు మూటగట్టారు. అన్నీ పొయ్యిలో పెట్టి, నెల్లూరులో బావమరిది బియ్యం కొట్లో కూర్చుంటానన్నారు.

అదృష్టం కొద్దీ కారణం దొరికింది. లేబరేటరీ వెనక గోడమీద ఎవరో ఎండుచేపలు ఆరబెట్టి ఉన్నారు. చేపలు అమోనియా లాంటివి వదులుతాయి. కాల్చిన గింజలను గొట్టంలో పోసే కాసేపట్లోనే అవి పీల్చుకుని ఉంటాయి. సార్‌ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. ఆయన చూసి, గోడకు ఆనుకుని నవ్వినారు.

"ఈ చేపలా అబ్బయా నా చదువును తినబోయింది."

కిటికీలు మూసి, కొత్త గింజలతో మళ్ళీ చేశాం. పాదరసం కదల్లేదు. థీసిస్ వెళ్ళింది, డాక్టరేటు వచ్చింది. పాత గింజలను పారబొయ్యమని నాకిచ్చారు. సముద్రపు ఒడ్డున సీసా వంచి అరచేతిలోకి పోసుకున్నాను. ఎప్పుడో చల్లారిన గింజలు. అయినా, ఇప్పుడే ఎవరో నిద్రలేచి వెళ్ళిన పక్కలాగా వెచ్చగా ఉన్నాయి.

ఇక ఒప్పుకోవాలి. ఎండుచేపల సంగతి రాసిన చోట కుడిచెయ్యి బైబిలు మీదనుంచి తీశాను. ఆ ముసుర్లో చేపలు ఎవరు ఆరబెడతారు? సార్ నిజంగానే బియ్యం కొట్టుకు పోతారని భయమేసి, సంతలో కొనుక్కొచ్చి గోడమీద పరిచింది నేనే. ఆ కారణం ఒక్కటే నా కల్పన.

మిగతా చోట్ల చెయ్యి తీయలేదు.