కొల్లేటి రాజుగారి గేటు

ఎడ్విన్ తాడేపల్లిగూడెంలో కూర్చుని, కొల్లేటిలోని ఒక లంకకు తానే రాజునని ఇంటర్నెట్‌లో ప్రకటించుకున్నాడు. ఆ లంకలో ఏనాడూ కాలు పెట్టిన పాపాన పోలేదు. భార్య హెప్సిబా బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి, రాజుగారు తిన్న కంచం కంప్యూటర్ పక్కనే ఎండిపోయి ఉండేది.

ఈమధ్య తన దేశం మీద ఒక గేమ్ తయారుచేశాడు. కోట గేటు మీది రాజుగారి ఫొటోకు వంగి దండం పెడితేనే గేటు తెరుచుకుంటుంది. మొదటి ఆట నాడు, ఇంటర్నెట్‌లో చేరిన దేశప్రజలు నలుగురూ ఆన్‌లైన్‌లో చూస్తుండగా, ఎడ్విన్ నడిపిస్తున్న రాజు బొమ్మ గేటు ముందు కొయ్యలా నిలబడిపోయింది. రాజు ఎవరికీ వంగడు కదా అని, వంగే బొమ్మే గీయలేదట ఆ మహానుభావుడు.

"కాస్త వంగేలా గియ్యండి, మీ సొమ్మేం పోయింది?" అంది హెప్సిబా.

"రాజు వంగుతాడా?" అన్నాడు ఎడ్విన్.

మర్నాటికి గేమ్ సరిచేశాడు. రాజుకు వంగడం మాత్రం నేర్పలేదు. గేటు లోపలున్న రాజధానినే గేటు బయటికి మార్చేశాడు.