వెర్లిన్ పిస్తోలు పాట

వెర్లిన్ లెడ్‌ఫోర్డ్ మా కౌంటీలో సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసేవాడు. మా కొండల మీది ఇళ్ళకు మురుగు కాలువలు లేవు కనుక ఎప్పుడో ఒకప్పుడు ప్రతివాడికీ అతని అవసరం పడేది. ఆకుపచ్చ లారీ, దాని వెనక ఏనుగు తొండం లాంటి గొట్టం, స్టీరింగు వెనక నిలువెత్తు మనిషి. మాట మాత్రం తక్కువ. నత్తి. మిగతా అక్షరాలు ఎలాగో దాటేవాడు గాని, 'ప' దగ్గరకు వచ్చేసరికి బండి బురదలో దిగబడ్డట్టు ఆగిపోయేవాడు. పెదాలు బిగుసుకునేవి, మెడ నరాలు తేలేవి, ఎదుటివాడు జాలిపడి ఆ మాట తనే పూర్తి చేసేవాడు. అలా పూర్తి చేస్తే అతనికి అసలు గిట్టదట. గిట్టదని చెప్పడానికైనా నోరు తిరగాలి కదా!

ఈ సంగతి నాకు అతని భార్య ఓపల్ చెప్పింది. ఓపల్, నేను ఒకే చర్చిలో పాడతాం. నా ఉద్యోగం షెరీఫ్ ఆఫీసులో, రేడియో ముందు. రోడ్డు మీద ఏ పోలీసు ఎవరిని ఆపినా ముందు నా చెవిన పడుతుంది. అందుకని ఈ కథ రెండు వైపుల నుంచీ విన్నదాన్ని నేనే.

మొదట్లో పిస్తోలు ఊసే లేదు. ఒకరి పెరట్లో గొట్టం పరుస్తుండగా గొలుసు తెంచుకొచ్చిన కుక్క ఒకటి వెర్లిన్ పిక్క పట్టుకుంది. కుట్లు పడ్డాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తూ ఓపల్ తేల్చి చెప్పింది.

"నువ్వు 'ఫో' అనేలోపు కుక్క భోంచేసి చెయ్యి కూడా కడుక్కుంటుంది. పిస్తోలు కొనుక్కో."

పిస్తోలు చొక్కా కింద దాచుకుని తిరగాలంటే పర్మిట్ కావాలి. పర్మిట్ కావాలంటే క్లాసుకు వెళ్ళాలి. అగ్నిమాపక కేంద్రం హాల్లో రిటైరైన సైనికుడొకాయన ఆ క్లాసు చెప్పేవాడు. ఆయన ఒక సూత్రాన్ని బల్ల గుద్ది మరీ నూరిపోశాడు. పోలీసు ఆపితే చేతులు రెండూ స్టీరింగు మీద ఉండాలి. జేబు వైపు చెయ్యి పోకూడదు. పోలీసు అడగకముందే, వేరే మాట ఎత్తకముందే, నా దగ్గర పర్మిట్ ఉంది, పిస్తోలు ఫలానా చోట ఉంది అని చెప్పాలి. మా నార్త్ కరోలినాలో చట్టం అది.

వెర్లిన్ మొహం పాలిపోయింది. పోలీసు, పర్మిట్, పిస్తోలు. చట్టం ఏరి ఏరి మూడూ పకారాలే పెట్టింది.

పర్మిట్టూ పిస్తోలూ చేతికొచ్చాక, వేసవిలో ఒకసారి వెనక లైటు వెలగడం లేదని క్రిస్ప్ లారీని ఆపాడు. క్రిస్ప్ మా ఆఫీసులో పాతకాపు, లావాటి మనిషి, వెర్లిన్‌ను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడే.

"ఏమయ్యా వెర్లిన్, వెనక లైటు పోయింది చూసుకున్నావా?"

వెర్లిన్ స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. "పి... పి... పి..."

"తెలుసులేవయ్యా. బండిలో ఏముందో వాసనే చెబుతోంది."

వెర్లిన్ కాదన్నట్టు తల ఊపాడు. "పి... పి..."

"అర్జంటా? అదుగో ఆ పొదల చాటుకెళ్ళిరా. నేను ఆగుతాలే."

ఇలా కాదని వెర్లిన్ మాట మార్చాడు. "తు... తూ... తూ..."

ఉమ్మేస్తున్నాడేమోనని క్రిస్ప్ వెనక్కి గెంతాడు. సరిగ్గా అప్పుడే గొంతులో అడ్డుపడ్డది ఊడినట్టు మిగతా మాటంతా ఒక్క పెట్టున బయటికొచ్చింది. "తుపాకీ!"

ఎంత ఎరిగినవాడైనా, లారీ లోపలి నుంచి 'తుపాకీ' అని పెడబొబ్బ పెడితే పోలీసు చేసే పని ఒకటే. మరుక్షణం వెర్లిన్ చెంప ఎండకు కాలిన బానెట్ మీద ఉంది. విషయం తేలాక క్రిస్ప్ సిగ్గుపడి బేడీలు తీశాడు. వెర్లిన్ చెంప మీద పొక్కు చాలాకాలం మానలేదు.

ఓపల్ ఊరుకునే మనిషి కాదు. రంగు డబ్బా తెచ్చి లారీ తలుపు మీద 'లెడ్‌ఫోర్డ్ సెప్టిక్ సేవలు' కింద పెద్ద అక్షరాలతో రాసింది: 'డ్రైవరు దగ్గర పిస్తోలు ఉంది. పర్మిట్ కూడా ఉంది.' ఇక నోరు తెరిచే పనే లేదని ఆమె ఆలోచన. మూడో రోజుకల్లా మా ఆఫీసుకు ఫోన్లు మొదలయ్యాయి. పిలవకపోయినా లారీ తమ వీధిలో ఆగిందని ఒకరు, మేమేం తప్పు చేశామని మరొకరు. ఒక ముసలామె అయితే చేతులెత్తి బయటికొచ్చి, ట్యాంకు మూత తీసేదాకా దించలేదట.

క్రిస్ప్ పనిగట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. "అమ్మా ఓపల్, దాచుకోవడానికి పర్మిట్ తీసుకుని దాని మీద బోర్డు పెట్టుకోవడం ఏమిటమ్మా?"

"బోర్డు తీసేస్తే మళ్ళీ మొగుణ్ణి వేపుడు చేస్తావుగా!"

చివరికి ఆ రాత మీద ఆకుపచ్చ రంగు పూశారు. ఆ ఆదివారం చర్చిలో వెర్లిన్ ఎప్పటిలాగే వెనక వరుసలో నిలబడి కింది స్వరంలో పాడాడు. పాటలో అతనికి నత్తి ఉండదు. పకారాలు వరదలో దుంగల్లా కొట్టుకుపోతాయి. ఓపల్ నా మోచేతిని పొడిచింది.

"వాండా, విన్నావా? ఇప్పుడు 'పరలోక పిత' అన్నాడు. ఎక్కడా ఆగలేదు."

ఇంటికి వెళ్ళి ఇద్దరూ పోట్లాడుకున్నారు. నడిరోడ్డు మీద పోలీసుకు పాట పాడితే నలుగురూ నవ్వుతారని వెర్లిన్ గోల. బానెట్ మీద కాలడం కంటే నవ్వించడం నయమని ఓపల్ వాదన. ఆమె గెలిచింది. ఎప్పుడూ ఆమే గెలుస్తుంది.

కొన్నాళ్ళకు వంతెన దగ్గర పోలీసులు బండ్లన్నీ ఆపి లైసెన్సులు చూస్తున్నారు. క్రిస్ప్ లారీ కిటికీ దగ్గరకు వెళ్ళేసరికి అతని మైకు బొత్తాం బెల్టుకు నొక్కుకుపోయి ఉంది. అక్కడి మాటలన్నీ నాకు వినిపిస్తున్నాయని కాఫీ కప్పు పక్కన పెట్టాను. రేడియోలో లోతైన గొంతు, తొణకని స్వరం:

"ఆఫీసరు గారూ, ఆలకించుమా!
పర్మిట్టు పర్సులో పదిలముగ నున్నదీ,
పిస్తోలు నడుముకు కుడి పక్కనున్నదీ,
చేతులు రెండును చక్రము మీదనే,
చెప్పక దాచను, చట్టము తోడూ!"

మేం ఆదివారాలు పాడే బాణీయే. తర్వాత క్రిస్ప్ గొంతు: "ఆమెన్. వెళ్ళవయ్యా వెర్లిన్."

అక్కడితో ఆగితే బాగుండేది. కౌంటీ పోలీసులందరికీ ఆ పాట మీద మోజు పుట్టింది. టైర్లు మెత్తగా ఉన్నాయని ఒకడు, అద్దానికి దుమ్ము పట్టిందని ఒకడు, ఏ కారణమూ తోచక 'బాగున్నావా' అని ఒకడు ఆపేవాళ్ళు. నిండు ట్యాంకుతో మండుటెండలో వెర్లిన్ పాడుతుంటే వెనక ఆగిన కార్లవాళ్ళు ముక్కులు మూసుకుని వినేవాళ్ళు. చివరికి ఓపల్ మా ఆఫీసుకొచ్చి షెరీఫ్ బల్ల మీద చేతిసంచీ దభీమని పెట్టింది.

"మా ఆయన మురుగెత్తే మనిషి. మీకు ఊసుపోకపోతే రేడియో కొనుక్కోండి!"

షెరీఫ్ తలొంచుకుని విన్నాడు. తప్పు చేస్తే తప్ప వెర్లిన్‌ను ఎవరూ ఆపకూడదని ఆ సాయంత్రమే ఉత్తర్వు వేశాడు.

ఆ ఉత్తర్వు వేసినప్పుడు మా కొత్త పోలీసు హెన్స్‌లీ ఇంకా ఉద్యోగంలో చేరలేదు. సముద్రం వైపు కౌంటీ నుంచి వచ్చాడు. కొత్త బూట్లు, కొత్త టోపీ, ప్రతి పనీ పుస్తకంలో ఉన్నట్టే చేసే మనిషి. ఒక మధ్యాహ్నం మలుపులో వేగంగా వస్తోందని వెర్లిన్ లారీని ఆపాడు. వెంటనే నాకు కబురు.

"రేడియో, డ్రైవరు దగ్గర ఆయుధం ఉంది. తాగి ఉన్నాడు. పాడుతున్నాడు."

"ఆకుపచ్చ సెప్టిక్ లారీయా బాబూ?"

"అవునండీ."

"అతను తాగడు. అది పాట కాదు నాయనా, చట్టం."

అప్పటికే హెన్స్‌లీ వెర్లిన్‌ను దింపి తెల్లగీత మీద నడిపించాడు. సరిగ్గా నడిచాడు. ఇంగ్లీషు అక్షరాలు వరసగా చెప్పమన్నాడు. ఏ నుంచి ఓ దాకా బాగానే సాగి, ఆ తర్వాతి అక్షరం దగ్గర వెర్లిన్ పెదాలు మూతపడిపోయాయి. తాగాడనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? సరే, ముందు ఆయుధం స్వాధీనం చేసుకుందామని హెన్స్‌లీ అతని కుడి పక్క చొక్కా ఎత్తాడు.

తోలు ఒర ఉంది. అందులో ఏమీ లేదు.

"ఎక్కడ పెట్టారండీ? పిస్తోలు ఉందని ఇప్పుడేగా పాడారు?"

వెర్లిన్ ఒర తడుముకున్నాడు. సీటు కింద చూశాడు. మెల్లగా తల తిప్పి లారీ ట్యాంకు వైపు చూశాడు. అరచేతిలో ఇమిడిపోయే చిన్న పిస్తోలు అది. పొద్దున ఒకరి పెరట్లో సెప్టిక్ ట్యాంకు మీదికి వంగి గొట్టం సర్దాడు. కాసేపటికి గొట్టంలో ఏదో టంగుమంది. ఎవరింటి చెంచాయో అనుకున్నాడు.

ఇదంతా చెప్పడానికి వేరే దారి లేక, అదే బాణీలో, అప్పటికప్పుడు:

"ఆఫీసరు గారూ, అయినది పొరపాటు!
పొద్దున వంగితి, పోయెను జారి,
గొట్టము పీల్చెను, టంగున మ్రోగెను,
ట్యాంకులో నున్నది, తమరే చూడుడీ!"

రెండో చరణం ఉందని అంతవరకూ మాకెవరికీ తెలియదు. హెన్స్‌లీ టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. ఆయుధం ఉందని రేడియోలో చెప్పేశాడు, ఇప్పుడు ఆయుధం చూపించాలి. పైగా అందులో గుళ్ళున్నాయి.

పట్నం చివర మురుగు శుద్ధి చేసే చోట, లారీల సరుకు ఇనుప ఊచల జల్లెడ మీదుగా గుంటలోకి పోతుంది. అక్కడికి ముందు హెన్స్‌లీ కారు, మధ్యలో లారీ, వెనక క్రిస్ప్ కారు, ఊరేగింపుగా వెళ్ళాయి. ఆ వేళకు నా డ్యూటీ అయిపోయింది కనుక నేనూ వెళ్ళాను. పిస్తోలు పేలుతుందేమోనని హెన్స్‌లీ అందరినీ కార్ల చాటున కూర్చోమన్నాడు. కవాటం తిప్పడానికి ఎవరో ఒకరు ఉండాలిగా! వెర్లిన్ ఒక్కడే నిలబడి నింపాదిగా తిప్పాడు. కౌంటీ సాయుధ బలగమంతా ముక్కులు పట్టుకుని టైర్ల వెనక నక్కింది.

చాలాసేపు పోయింది. బొమ్మ కారొకటి వచ్చింది. కట్టుడు పళ్ళ సెట్టొకటి వచ్చింది. ఆ పళ్ళు ఎవరివో క్రిస్ప్ చూడగానే గుర్తుపట్టాడు గాని పేరు చెప్పలేదు. ఎట్టకేలకు జల్లెడ మీద ఖణేలుమంది.

క్రిస్ప్ పొడుగు పార మీద పిస్తోలును ఎత్తి పట్టుకున్నాడు. "హెన్స్‌లీ బాబూ, దాచడం అంటే ఇదయ్యా!"

హెన్స్‌లీ చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, ఊపిరి బిగబట్టి గుళ్ళు తీసి, బ్లీచింగు నీళ్ళ బకెట్లో వేశాడు. వేగానికి జరిమానా రాయాలన్న సంగతే మర్చిపోయాడు. ఇంతలో ఓపల్ వేయించిన కోడిముక్కలు మధ్యలో పెట్టిన బిస్కట్లు, మా వైపు చేసే మెత్తటి బన్నుల్లాంటివి, పళ్ళెం నిండా తెచ్చింది. ఎవరికీ తినబుద్ధి కాలేదు. వెర్లిన్ సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని రెండు తిన్నాడు.

"ఇదుగోనండీ, మీ పిస్తోలు," అని హెన్స్‌లీ బకెట్టు ముందుకు జరిపాడు.

వెర్లిన్ దాని వంక చూసి తల అడ్డంగా ఊపాడు. "ఆ ప... ప... ప..."

క్రిస్ప్ నోరు తెరవబోయాడు. ఓపల్ అతని కాలు తొక్కింది. ఎవరం మాట అందివ్వలేదు. గుంట మీద ఈగలు ముసురుతున్నాయి. హెన్స్‌లీ బకెట్టు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ప... పనికిమాలినదాన్ని మీరే ఉంచుకోండి," అన్నాడు వెర్లిన్.

అని మూడో బిస్కట్టు అందుకున్నాడు.