కార్ఖానా మొత్తానికి తెలిసిన మాట

మా బాపు నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. పదో తరగతిలో బడికంతా మొదటిదాన్నైతే "ఇగ నెత్తికెక్కకు" అన్నాడు. ఉట్నూర్‌లో టీచరు ఉద్యోగం వచ్చిందని, ఆర్డరు కాగితం పట్టుకుని ఆయన పనిచేసే మరమగ్గాల కార్ఖానాకు ఉరికాను. మగ్గం చప్పుళ్ళలో గొంతు చించుకుని చెప్పాను. బాపు పోగు అతుకుతూనే, తలెత్తకుండా, "గదేమన్న కలెక్టర్ కొలువా? ఇంటికి నడువు" అన్నాడు. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. ఏడుస్తూ ఇంటికొచ్చాను.

నాకూ పౌరుషం తక్కువేం కాదు. ఉట్నూర్ వెళ్ళాక సెలవులొచ్చినా ఇంటికి రాలేదు. ఫోన్ చేస్తే నన్ను కన్న అవ్వతోనే మాట్లాడి పెట్టేసేదాన్ని. బాపు నోటి నుంచి ఒక్క మంచిమాట వస్తే మొదటి బస్సుకే వచ్చి వాలేదాన్ని. రెండేళ్ళు ఎదురుచూశాను. చివరికి, గుండెపోటుతో ఆయన పోయాడన్న కబురొచ్చింది.

పదకొండో రోజు, బాపుతో ముప్పై ఏళ్ళు కలిసి పనిచేసిన కాక నా పక్కన కూర్చున్నాడు.

"నీకు కొలువొచ్చిన్నాడు నువ్వటు పోంగనే మీ బాపు అందరికి జిలేబీలు పంచిండు బిడ్డా. గిసొంటి బిడ్డ గీ గల్లీల ఎవ్వలకు లేదని రోజూ మమ్ముల సతాయించిండు."

ఒళ్ళు మండిపోయింది. "మీకందరికి చెప్పి నాకెందుకు చెప్పలే కాకా?"

"ఎదురుంగ మెచ్చుకుంటె కన్నోళ్ళ దిష్టి తగుల్తదని భయం. మేమందరం గంతేనాయె."

దిష్టట! ఎంత పిచ్చి మనుషులయ్యా మీరు! తగిలితే తగలనీ, నాలుగు రోజులు జ్వరమొచ్చేదేమో. ఆ మాట కోసం నేను చిన్నప్పటి నుంచీ మొహం వాచిపోయాను కదా!

విసురుగా లోపలికి వెళ్ళి అవ్వను నిలదీశాను. "నీకు తెలుసా గిది?"

"తెలుసు."

"మరి నువ్వన్న చెప్పద్దా? నేనంటె నీకైన పాణమా, కాదా? గిప్పుడే నోటితోని చెప్పు."

అవ్వ వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు ఉప్పు తెచ్చింది. నా చుట్టూ మూడుసార్లు తిప్పి, దిష్టి తీసి, నీళ్ళలో వేసింది. చేతులు కడుక్కుని వచ్చి, నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. పెదవులు కదిలాయి. ఎంతసేపటికీ మాట బయటికి రాలేదు.

"నాకు రాదు బిడ్డా," అంటూ బోరుమంది. "నాకు గూడ ఎవ్వలు చెప్పలే."