కాయలు వినే చెవి

ఉరవకొండ మండీలో వ్యాపారి నాగేశ్వర చెవికి పేరుంది. రైతు ఫోన్ దగ్గర గుప్పెడు వేరుశనక్కాయలు ఆడిస్తే చాలు, ఎండాయో లేదో చెప్పేస్తాడు. తర్వాతే బేరం, లారీ పంపడం. పామిడి పక్క పల్లె ఆంజినమ్మ నాలుగేళ్లుగా అలాగే అమ్ముతోంది. కాయలు విన్నాక అతను ఆమె మొగుడి గురించి "అన్న బాగుండాడా?" అనేవాడు. "బాగుండాడు" అనేది. ఈసారి లారీ చెడిపోతే మూటలతో తనే ట్రాక్టరెక్కి వచ్చింది. ఆమెను ఎప్పుడూ చూడని నాగేశ్వర గొంతును బట్టి పోల్చుకున్నాడు. అలవాటుగా కళ్లు మూసుకుని, గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడించాడు.

"బాగా ఎండినాయక్కా. అన్న..." అంటూ కళ్లు తెరిచాడు. అప్పుడే గమనించాడు, ఆమె నుదుట బొట్టు లేదు.

"ఎప్పుడక్కా?"

"మూడేండ్లాయప్పా. మొగోడు ల్యాడంటే రేటు కోస్తావేమోనని చెప్పల్యా."

నాగేశ్వర చెయ్యి చెవి దగ్గర్నుంచి మెల్లగా దిగింది.

"ఇన్నేండ్లు ఇన్నా. కాయలు తప్ప ఏమీ ఇనపళ్ల్యా" అన్నాడు.