"ఇవాళ ఎవరికి ఏముంది?" అని అడిగే మా విశాలాక్షి

నిన్న మధ్యాహ్నం విశాలాక్షి కోడలు ఫోన్ చేసింది. "ఆంటీ, అత్తయ్య లేరు" అంది.

"ఎక్కడికి వెళ్ళింది?" అన్నాను.

ఇంత వయసొచ్చి, ఇంత చదువుకుని, ఆ మాటకు అర్థం తెలియక కాదు. అర్థం కాకూడదని అడిగాను.

నిద్రలోనే పోయిందట.

అప్పటినుంచి ఇంట్లో ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. కాఫీ మైక్రోవేవ్‌లో పెడతాను, మర్చిపోతాను, ఇంకోటి కలుపుతాను. మనవరాలు "అమ్మమ్మా, ప్లీజ్ సిట్ డౌన్, నాకు డిజ్జీగా ఉంది" అంటోంది. తిరిగేది నేను, కళ్ళు తిరిగేది దానికి.

అందుకే ఇది రాస్తున్నాను. రాసేంతసేపైనా కూర్చుంటానని.

తెలియనివాళ్ళకు చెప్పాలి. కాలిఫోర్నియాలోని మా ఫ్రీమాంట్‌లో చెరువు పక్కనున్న పార్కులో శనివారం పొద్దున కొంతమంది అమ్మమ్మలం, తాతయ్యలం కూర్చుంటాం. ఆ గుంపుకి పేరు లేదు. అధ్యక్షులు లేరు. శాలువాలు లేవు. తెలుగువాళ్ళు నలుగురు చేరి, శాలువా కప్పకుండా ఇళ్ళకు వెళ్ళిన సందర్భం అమెరికాలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

మొదలుపెట్టింది విశాలాక్షే. ఆ సంగతి ఒప్పుకునేది కాదు.

ఫోల్డింగ్ కుర్చీలు గుండ్రంగా వేసేది. "ఇవాళ ఎవరికి ఏముంది?" అని అడిగేది. ఎవరికి ఏ గొడవ ఉంటే అదే ఆ రోజు విషయం. విసుగొచ్చినవాళ్ళు లేచి చెరువు చుట్టూ నడిచి రావచ్చు, ఎవరూ ఏమీ అనుకోకూడదు.

రూల్స్ అంతే.

గుంటూరు టెలిఫోన్ ట్రంక్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేసిన మనిషి. "లైన్ కలపడం, పక్కకు తప్పుకోవడం. నాకు తెలిసిన పని అదొక్కటే వదినా. మధ్యలో మాట్లాడితే మెమో ఇచ్చేవాళ్ళు" అనేది.

నేనేమో కాలేజీలో పాలిటిక్స్ చెప్పినదాన్ని. ప్రజాస్వామ్యం గురించి గంటలు గంటలు చెప్పేదాన్ని, మధ్యలో ఎవర్నీ నోరెత్తనిచ్చేదాన్ని కాదు. ఈవిడ పద్ధతి నాకెలా నచ్చుతుంది?

ఓసారి రిటైర్డ్ ఇంజనీర్ ప్రసాదరావు గారు మైకు తెచ్చారు. ప్రింట్ చేసిన అజెండా కూడా. స్వాగతోపన్యాసం అందుకున్నారు. ఒక్కొక్కరమే లేచి చెరువు వైపు నడిచాం. చివరికి ఆయన ఎదురుగా విశాలాక్షి ఒక్కతే మిగిలింది.

"మీరూ వెళ్ళరేం?" అన్నారట ఉక్రోషంగా.

"మోకాళ్ళ నొప్పులు అన్నయ్య గారూ. లేకపోతే అందరికంటే ముందు లేచేదాన్ని."

ఆయన మైకు ఆపి, పక్కన కూర్చుని, మనవడు తనతో 'ఫైన్' అనే మాట తప్ప ఇంకోటి మాట్లాడటం లేదని చెప్పుకున్నారట. మేం చుట్టు తిరిగి వచ్చేసరికి ఆ రోజు విషయం అదే అయింది. ఆ మైకు మళ్ళీ పార్కులో కనబడలేదు.

ఇంకొకరు రమణమ్మ గారు. ఎన్నో శనివారాలు వచ్చారు, కూర్చున్నారు, వెళ్ళారు. నోరు విప్పలేదు. ఒకరోజు ఉన్నట్టుండి అన్నారు: "డాక్టరు చాలాసేపు ఏదో చెప్తాడండి. బయటికొచ్చాక మావాడు 'ఏం లేదమ్మా, మాత్రలు వేసుకో' అంటాడు. ఏం లేదని చెప్పడానికి అంతసేపు ఎందుకండీ?"

నవ్వాం. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. అందరి ఇళ్ళలోనూ అదే కథ. మనం భయపడతామని పిల్లలు సగం మింగేస్తున్నారు.

హాస్పిటల్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని మనమే అడగొచ్చని, ఫోన్‌లో కలుపుతారని, ఆ రోజే కొత్తగా వచ్చిన ఒకావిడ చెప్పింది. ఇక అక్కడే రిహార్సల్. "ఐ వాంట్ తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అని రమణమ్మ గారి చేత బాతులు బెదిరి ఎగిరిపోయేలా అనిపించాం.

కొన్ని వారాల తర్వాత వచ్చి చెప్పారు. "గుండె జబ్బటండీ. ఇన్నాళ్ళకు నా జబ్బు నాకు చెప్పారు." భయపడుతూనే చెప్పారు. కానీ నిటారుగా కూర్చుని చెప్పారు.

ఇంత జరుగుతున్నా విశాలాక్షి ఒక్క మాటా కల్పించుకోలేదు. చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న సాయంత్రం నుంచి మా వాట్సాప్ గ్రూపు మోగిపోతోంది. ఈ శనివారం హాల్ బుక్ చేసి సంతాప సభ పెడదామట. ముఖ్య అతిథి, బ్యానర్, కమిటీ. గుంపుకి విశాలాక్షి పేరు. ప్రెసిడెంట్‌గా నేను.

"మేడమ్, మీరైతే గట్టిగా నడుపుతారు" అని రాశారొకరు.

నడుపుతాను. నా భయమూ అదే. నెల తిరక్కుండా పార్కులో నేనూ బాతులూ మిగులుతాం.

ఆ హాల్‌లో రమణమ్మ గారు ఎక్కడ కూర్చుంటారు? చివరి వరుసలో. మైకు అందిస్తే "అబ్బే, నాకేం లేదండీ" అంటారు. ఇంకో రమణమ్మ వస్తే, ఆవిడ జబ్బు ఆవిడకు తెలియకుండానే ఇంటికి వెళ్తుంది, చేతిలో స్వీట్ బాక్స్‌తో.

కాబట్టి నేను ఒప్పుకోలేదు. బాబులూ, హాల్ వద్దు. అదే పార్కు, అవే కుర్చీలు. కుర్చీలు విశాలాక్షి గరాజ్‌లో ఉన్నాయి. కోడలు తెస్తానంది. వచ్చి ఆ ప్రశ్న ఒక్కసారి అడుగుతాను. ఆ తర్వాత నోరు మూసుకుంటాను.

నన్నెరిగినవాళ్ళు ఇక్కడ నవ్వుతున్నారని తెలుసు. నవ్వండి.

రమణమ్మ గారు నోరు విప్పిన ఆ శనివారం, అంతకుముందు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అందరివీ నేల చూపులే. నేను భరించలేక గొంతు సవరించుకున్నాను. విశాలాక్షి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు వదినా. అవతల రింగవుతోంది. ఎవరో ఒకరు ఎత్తుతారు."

ఈ శనివారం నన్ను ఆపేవాళ్ళు లేరు. నా చెయ్యి నేనే పట్టుకుని కూర్చుంటాను.

విశాలం, ఇక డ్యూటీ దిగు తల్లీ. ఎవరో ఒకరు ఎత్తేదాకా మేం ఆగుతాం. నువ్వు హాయిగా పడుకో.