కొట్టనా అండీ?

బందరు మునిసిపల్ ఆఫీసులో నా పక్క సీటు మేడమ్‌గారు ఎంటర్ మీటకు పైన వేలు ఆపి, “కొట్టనా అండీ?” అని నన్నడిగేవారు. మా ఇద్దరి టెర్మినళ్లకూ వెనకున్నది ఒకటే పెద్ద కంప్యూటరు. ఇద్దరం ఒకేసారి కొడితే వివరాలు కలిసిపోతాయని ఆవిడ భయం. నాకు నవ్వొచ్చేది.

ఒకరోజు ఆవిడ ఎవరిదో మరణ పత్రం తీస్తున్నారు. నేను వాళ్లమ్మతో వచ్చిన చిలకలపూడి అమ్మాయికి జనన పత్రం తీస్తున్నాను. ఆవిడ అడిగింది విననట్టే కొట్టేశాను. ఆవిడా కొట్టారు.

నేనిచ్చిన కాగితం చదివి ఆ అమ్మాయి, “అమ్మా, నేను చచ్చిపోయానంట!” అంది.

మేడమ్‌గారు లేచొచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

“అలా జరగదండీ,” అన్నాడు కంప్యూటరు చూడ్డానికి విజయవాడ నుంచి వచ్చిన ఇంజనీరు. మరి జరిగిందేమిటో నాకిప్పటికీ తెలియదు.

ఆవిడ రిటైరయ్యాక ఆ టెర్మినల్ తీసేశారు. ఎంటర్ కొట్టేముందు నేను మాత్రం ఖాళీ కుర్చీని అడిగేవాణ్ణి.