బావగారికి శాలువా

మంగళవారం పొద్దున ఆకుపచ్చ చెత్తడబ్బాను గేటు బయటికి లాగుతున్నాను. పక్కింటి తలుపు తెరుచుకుంది. ఆంటీ చెప్పులు కూడా లేకుండా తడి మెట్టు మీద నిలబడి, "అమ్మాయ్, అంకుల్ వెళ్ళిపోయారే. హాస్పిటల్ వాళ్ళు ఇప్పుడే ఫోన్ చేశారు" అన్నారు. డబ్బాను దారిలోనే వదిలేసి ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. ఎదురింటి ఐరిష్ ఆవిడ ఆ డబ్బాను ఒక పక్కకి జరిపి, మా దగ్గరికొచ్చి ఆంటీ చెయ్యి పట్టుకుని, "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అంది. ఇక్కడ ఐర్లండ్‌లో ఎవరైనా పోతే ఆ మాటే అంటారు. మొదటిసారి అది నాకు సరిగ్గా అర్థమైంది.

మీలో చాలామందికి ఆయన తెలియరు. గుంటూరులో డాక్టరు చదివి, వయసులో కొన్నాళ్ళు అమెరికాలో పనిచేసి, మిగతా జీవితమంతా ఐర్లండ్ ఆసుపత్రుల్లో గడిపి, లూకన్ అనే ఈ ఊళ్ళో మా పక్కింట్లో విశ్రాంతిగా ఉన్న మనిషి. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. నలుగురిలో నోరు విప్పే అలవాటు లేనిదాన్ని. అయినా ఆయన గురించి నేనే రాయాలనుకున్నాను. ఏడుస్తూ రాయడంలేదు. ఆయన గెలిచి వెళ్ళారు. అది చెప్పాలని రాస్తున్నాను.

ఆయనకి బేస్‌బాల్ పిచ్చి. అమెరికాలో ఆసుపత్రి వార్డు టీవీలో రోగులతోపాటు చూసి నేర్చుకున్నారట. ఇక్కడికొచ్చాక తన స్నేహితులతో కలిసి ఫోన్లో ఒక ఆట మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ అమెరికాలో నిజంగా ఆడే ఆటగాళ్ళ పేర్లు ఎంచుకుని టీమ్ కట్టుకుంటారు. అక్కడ వాళ్ళు బాగా ఆడితే ఇక్కడ వీళ్ళకి పాయింట్లు వస్తాయి. ఆ ఆటగాళ్ళకి మాత్రం తాము లూకన్‌లో ఒక తెలుగాయన టీమ్‌లో ఆడుతున్నట్టు తెలియదు. "తెలియకపోతేనేం? మన ఇంటి పిల్లలు మన మాట వింటున్నారా?" అనేవారు అంకుల్.

మేము పక్కింటికి అద్దెకొచ్చిన కొత్తలో ఆంటీ నన్ను టీకి పిలిచారు. ముందుగది గోడ నిండా ఫోటోలు. టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు, తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, గడ్డాలవాళ్ళు.

"ఎవరాంటీ వీళ్ళంతా?"

"మీ అంకుల్ మనుషులమ్మా. అందరూ అయిపోయారు. మొన్న ఇంకొకాయన కూడా. ఆయనకి ఈ ఆదివారం చేస్తున్నాం, నువ్వూ రా."

అయిపోయారంటే పోయారనుకున్నాను. చేస్తున్నామంటే దినం అనుకున్నాను. పరాయి దేశంలో స్నేహితుడికి దినం చేస్తున్నారంటే ఎంత మంచి మనిషో అనుకుని, సూపర్ మార్కెట్‌లో చేమంతులు కొని దండ గుచ్చాను. ఆదివారం ముందుగానే వెళ్ళాను. ఆంటీ వంటింట్లో ఉన్నారు. ముందుగదిలో కుర్చీ మీద ఒక కొత్త ఫోటో పెట్టి ఉంది. దానికి దండ వేసి, నుదుట బొట్టు పెట్టి, చేతులు జోడించి నిలబడ్డాను.

అంకుల్ మేడ మీంచి దిగివచ్చారు. ఫోటోని చూశారు. నన్ను చూశారు.

"ఎవరమ్మా వీణ్ణి చంపింది?"

నేను జోడించిన చేతులు దించాను.

"వాడు నిన్ననే ఫ్లోరిడాలో చేప పట్టుకుని ఫోటో పెట్టాడే! ఏమేవ్, ఇలా రా, ఈ అమ్మాయి మన తమ్ముడికి దండేసేసింది!" అంటూ మెట్టు మీదే కూలబడి కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆంటీ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి, ఆ బొట్టు చూసి ఆవిడ కూడా మొదలుపెట్టారు. నాకు గోడలో కలిసిపోవాలనిపించింది. అప్పుడాయన నవ్వు ఆపి, దండ మెల్లగా తీసి నా చేతిలో పెట్టి అన్న మాట నేను మరిచిపోలేదు.

"నీ తప్పు కాదమ్మా. మనవాళ్ళు మనిషి పోయాక దండేస్తారు, అప్పుడు బోలెడు మంచి మాటలు చెబుతారు. పాపం ఆయనకి వినపడదు. వీడు ఆట మానేశాడంతే. చెవులున్నాయి. అందుకే ఇప్పుడే చెప్పేద్దామని."

ఆయన పద్ధతి అది. తన టీమ్‌లో ఎప్పుడైనా ఆడిన మనిషి ఆట నుంచి రిటైరైతే, మన ఊళ్ళలో బడిపంతుళ్ళకి చేసినట్టు సన్మానం. కుర్చీ మీద ఫోటో. కుర్చీకి శాలువా. ఒకరు లేచి అతని గొప్పలు చెప్పాలి. దాన్ని ఫోన్లో తీసి ఆ ఆటగాడి పేజీకి పంపేవారు. ఎవరూ ఎప్పుడూ జవాబివ్వలేదు. ఆయన ఎదురు చూడనూ లేదు. శాలువాలు మాత్రం వృథా పోలేదు. మా పాప మొదటి చలికాలమంతా మైదానంలో రెండో బేస్ దగ్గర ఆడే తమ్ముడి శాలువాలో పడుకుంది.

ఆటగాళ్ళని ఆయన వరసలు పెట్టి పిలిచేవారు. తమ్ముడు, బాబాయి, పెద్దల్లుడు. అందరిలోకీ ఆయన ప్రాణం బావగారు. బావగారంటే ఎడంచేత్తో బంతి విసిరే పిచ్చర్, క్రికెట్లో బౌలర్ లాంటివాడు. విసిరే ముందు టోపీ తాకుతాడు, బెల్టు సర్దుకుంటాడు, చేతి తొడుగులోకి తొంగిచూస్తాడు, మళ్ళీ టోపీ. తొందరగా వెయ్యాలని ఈమధ్య మైదానంలో గడియారం పెట్టారట. ఆ గడియారం అయిపోయే ఆఖరి క్షణం దాకా ఆగుతాడు. "పెళ్ళిలో అలిగిన బావ కదా, బతిమాలితే గానీ కదలడు" అనేవారు అంకుల్.

బావగారికి వయసు మీదపడింది. అంకుల్ మాత్రం అతన్ని తీసెయ్యలేదు. అందుకే మా టీమ్ ఎప్పుడూ అడుగునే ఉండేది. కార్లో అనే ఊళ్ళో ఉండే ఆయన స్నేహితుడు, ఆయనా డాక్టరే, ఫోన్ చేసి మరీ ఏడిపించేవాడు.

"నీది టీమ్ కాదురా, వృద్ధాశ్రమం!"

"నీకూ ఒక మంచం ఉంచాన్లేరా" అనేవారు ఈయన.

మా ఆయన రెస్టారెంటులో వంట చేస్తాడు. ఆదివారాలు ఇంట్లో ఉండడు. అందుకని నేను పాపని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. అంకుల్ కళ్ళు మసకబారాక నేనే ఫోన్ చూసి స్కోర్లు చదివి చెప్పేదాన్ని. అలా ఆట తెలిసింది. ఈ ఏడాది ఎందుకో మా ముసలివాళ్ళంతా ఒకేసారి లేచారు. సీజన్ చివరి ఆదివారానికి మేము, కార్లో అంకుల్ పక్కపక్కన ఉన్నాం. ఆ సాయంత్రం బంతి విసిరేది బావగారు.

"చెప్పమ్మా, ఏం చేస్తున్నాడు?"

"టోపీ తాకుతున్నాడంకుల్."

"ఇప్పుడు?"

"మళ్ళీ టోపీ."

రెండో ఫోన్ స్పీకర్లోంచి కార్లో అంకుల్ వెక్కిరింత: "వాడు నిద్రపోయాడు, దుప్పటి కప్పండిరా!" తర్వాత ఒక్కొక్కణ్ణే బావగారు అవుట్ చేసి ఇంటికి పంపడం మొదలుపెట్టాడు. ఫోన్లో మాటలు తగ్గాయి. చివరివాడు గాలిలోకి కర్ర ఊపి ఖాళీగా వెళ్ళేసరికి అవతల చప్పుడే లేదు. "గెలిచామంకుల్!" అని నేను అరిచిన అరుపుకి పాప ఉలిక్కిపడి లేచింది. అంకుల్ అయితే తీరిగ్గా ఫోన్ దగ్గరికి వంగి, "ఒరేయ్, మంచం సిద్ధంగా ఉంది, ఎప్పుడొస్తావ్?" అన్నారు.

కొద్దిరోజులకి బావగారు ఆట మానేస్తున్నట్టు చెప్పాడు. అంకుల్ వెంటనే సన్మానానికి ఆదివారం చూశారు. "ఈసారి నువ్వే మాట్లాడాలి" అన్నారు నాతో. నేను వంటింట్లోకి పారిపోయి, ప్రెస్సులో కప్పులు సర్దుతూ నిలబడ్డాను. ఇక్కడ అల్మరాని ప్రెస్ అంటారు. వెనకాలే ఆయన గొంతు: "ఆ కప్పులకి చెప్పింది చాలు, మాకూ చెప్పు!"

ఆ వారమే ఆయన ఆసుపత్రిలో చేరారు. నేను చారు పట్టుకుని బస్సులో వెళ్ళేదాన్ని. "ఏదీ, ఏం మాట్లాడతావో ఒకసారి నాకు వినిపించు" అన్నారు ఒకరోజు. ఆయన మొహం చూస్తే నావల్ల కాదని, దుప్పటి అంచు చూస్తూ చెప్పాను. అందరూ వదిలేసినవాళ్ళని మీరు వదల్లేదు, నెమ్మదిగా ఉండేవాళ్ళని తొందరపెట్టలేదు, మీ దగ్గరికొచ్చాకే నాకు ధైర్యం వచ్చింది అని. ఆపి చూస్తే ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి.

"ఇది బావగారి గురించేనా?"

నేను చారు గిన్నె మూత తీశాను.

"సరేలే, నేనూ వినేశాను" అన్నారు. తర్వాత, "బాగుంది. అక్కడ మాత్రం ఇంకాస్త గట్టిగా" అన్నారు.

ఆ సన్మానం ఆయన చూడలేదు. పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం స్నేహితులంతా వచ్చారు. కార్లో అంకుల్ చేతిలో ఫ్రేము కట్టించిన ఫోటో ఉంది. మా అంకుల్‌ది. "ఇవాళ వీడి కోసం సంతాప సభ చేద్దామమ్మా. ఆ ఆటగాడిది ఇంకెప్పుడైనా చూద్దాం" అంటూ దాన్ని కుర్చీ మీద పెట్టబోయాడు.

ఆంటీ కుర్చీకి అడ్డంగా నిలబడ్డారు.

"అన్నయ్యా, మీ స్నేహితుణ్ణి గోడకి తగిలించండి. ఈ కుర్చీ ఆయనది కాదు, బావగారిది. పిలిచి పరువు తీస్తామా?"

"మరి మాట్లాడేదెవరమ్మా?"

"ఈ అమ్మాయి. ఆయన చెప్పి వెళ్ళారు."

అందరూ నా వైపు తిరిగారు. చదువుకున్న పెద్దలు, డాక్టర్లు. నేను కూర్చునే ఉంటే ఆ కుర్చీలో ఫోటో మారిపోతుందని, ఆయన ఎప్పుడూ చెయ్యని పని ఆయన ఇంట్లోనే జరుగుతుందని నాకు తెలుసు. లేచాను. బావగారి ఫోటో కుర్చీ మీద పెట్టి, శాలువా తీసి కుర్చీకి కప్పాను. కొంగు సర్దుకున్నాను. గాజులు వెనక్కి తోసుకున్నాను. మళ్ళీ కొంగు.

కార్లో అంకుల్ పాపం సాయం చేద్దామని నోరు తెరిచాడు. "ఆగండి" అన్నారు ఆంటీ. "అమ్మాయికి ఇంకా టైముంది."

"బావగారికి నమస్కారం" అన్నాను. "మీ ఆట నాకు పూర్తిగా తెలియదు. మీరు విసిరే ముందు ఆగితే లోకమంతా తిట్టేది. భయపడి ఆగారనుకునేవాళ్ళు. నాకు మాత్రం తెలుసు. ఆగినంతమాత్రాన విసరలేరని కాదు. మీరు ఎంతసేపు ఆగినా చివరికి విసిరారు. మీ మీద నమ్మకం ఉంచిన మనిషి లూకన్‌లో ఒకాయన ఉండేవారు. ఆయన్ని మీరు గెలిపించారు. మా ఇంట్లో ఆ రోజు ఎంత సంతోషమో మీకు తెలియాలి. అందుకే పిలిచాం. మీరు గొప్పగా ఆడారు. ఇక హాయిగా కూర్చోండి."

చప్పట్లు మొదలైంది ఎక్కడో తెలియదు. నా గొంతు వీధి తలుపు దాకా వినపడిందని తర్వాత చెప్పారు. కార్లో అంకుల్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "నీకింత గొంతుందని మాకెప్పుడూ చెప్పలేదేమ్మా?" అన్నాడు.

"మీరెప్పుడు నోరు మూసుకున్నారు గనక!" అన్నారు ఆంటీ. ఇల్లంతా గొల్లుమంది. అన్ని రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు.

బయట వాన వెలిసి ఎండొచ్చింది. బావగారు ఎలా విసిరేవాడో చూపిస్తానని కార్లో అంకుల్ పళ్ళెంలోంచి ఒక నారింజ తీసుకుని ఇళ్ళ ముందున్న పచ్చిక మీదికి నడిచాడు. ఇన్నేళ్ళూ ఆడారు గానీ వాళ్ళలో ఒక్కరూ నిజమైన బేస్‌బాల్ బంతిని ముట్టుకోలేదట. కోట్లు వేసుకుని అందరం వెంట వెళ్ళాం. ఆయన లేని టోపీని తాకాడు, బెల్టు సర్దుకున్నాడు, ఎడంచెయ్యి గిరగిరా తిప్పాడు. నారింజ ముందుకి పోకుండా చేతిలోంచి జారి నిట్టనిలువుగా పైకి లేచింది. తడిసిన ఇంటికప్పులు దాటి, ఎండలో మెరుస్తూ ఇంకా పైకి పోతోంది. దాని కిందికి స్వెట్టర్ చేతులు మడుచుకుంటూ ఆంటీ వచ్చారు. ఎవరో పట్టబోతే మోచేత్తో పక్కకి నెట్టారు.

"జరగండి! అది నాది!"

తల పైకెత్తి, రెండు అరచేతులూ చాపి, ఒక అడుగు వెనక్కి వేశారు.